విశ్రాంతిని ముందుగా కొనవచ్చునా?

సంవత్సరమునకు సరిపడు ధాన్యమును గాదెలో పోసికొనుట, చింతపండును మిరపపొడిని వేసవిలోనే జాడీలకు ఎత్తుకొనుట మన పెద్దలు నేర్పిన గృహస్థనీతి. ధర తక్కువగా నున్నప్పుడు కొని, అవసరమైనప్పుడు వాడుకొనువాడు వివేకి. దీనిని ఎవరును కాదనరు. అయితే ధాన్యమును దాచినట్లు విశ్రాంతిని దాచవచ్చునా? రాబోవు 25 సంవత్సరములలో నాకు కావలసిన సెలవు దినములను నేడే వెల యిచ్చి కొని, ఏటేట ఏడేసి దినముల చొప్పున వాడుకొనవచ్చునా? ఇది పైకి డబ్బునకు సంబంధించిన ప్రశ్నవలె తోచును. నిదానించి చూచినచో, మనుష్యుడు తన్ను తాను ఎంతవరకు ఎరిగియున్నాడు, రేపటి తన పక్షమున నేడు ఎంతవరకు మాట యీయవచ్చును అను ధర్మసందేహము దీనిలో ఇమిడి యున్నది.

ఇది ఊహకొరకు కల్పించిన ప్రశ్న కాదు. కోయంబత్తూరు, హోసూరు, బెంగుళూరు, షోలాపురము, బరంపురము మొదలగు పట్టణములలో తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో, పదవీ విరమణ చేసినవారికి టెలిఫోను పిలుపులు వచ్చుచున్నవి. మీ పేరు అదృష్టవంతుల జాబితాలో వచ్చినది, దంపతులు ఇరువురును ఫలానా హోటలునకు దయచేయుడు, కానుక యిత్తుము అని పిలుతురు. అచ్చట కాఫీ ఫలహారములైన పిమ్మట చూపబడు సరకు పేరే టైమ్‌షేర్. ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ చేతికి వచ్చిన దినములలోనే ఈ పిలుపులు వచ్చుచుండును గనుక, దీనిని గూర్చి మనవారు కొంత ఆలోచించుట మంచిదని తలచితిని. నేను పండితుడను కాను. ఎస్.ఎస్.ఎల్.సి. వరకు చదివి, ఒక నూలు మిల్లు కార్యాలయమున 36 సంవత్సరములు పద్దులు వ్రాసినవాడను. పద్దు వ్రాయువాని దృష్టితోనే ఈ విషయమును పరిశీలింతును.

ముందుగా వస్తువు ఎట్టిదో తెలిసికొందము. కొండయూరనో సముద్రతీరముననో ఉన్న రిసార్టులో ఒక గదిని పూర్తిగా కొనుటకు మారుగా, దానియందు సంవత్సరమునకు ఒక వారము నివసించు హక్కును కొనుట టైమ్‌షేర్. సంవత్సరమునకు 52 వారములు. కావున ఒకే గదిని ఏబదిమంది పంచుకొనవచ్చును. వారు గోడలను పంచుకొనరు, కాలమును పంచుకొందురు. ఈ పద్ధతి 1960ల దశకమున ఐరోపాలో పుట్టినది. 1963లో స్విట్జర్లాండులో హాపిమాగ్ అను సంస్థ ఏర్పడినది. 1967లో ఫ్రాన్సు దేశపు ఆల్ప్స్ పర్వతములలో సూపర్ డెవొలుయి అను చోట ఈ విధమైన హక్కులను అమ్మసాగిరి. 1974లో అమెరికాలో ఆర్.సి.ఐ. అను సంస్థ వెలసి, ఒక రిసార్టులోని వారమును మరియొక రిసార్టులోని వారముతో మార్చుకొను ఏర్పాటు చేసినది. మన దేశమున స్టెర్లింగ్ సంస్థ 1986లోను, మహీంద్రా వారి సంస్థ 1996లోను స్థాపింపబడి ఈ వ్యాపారమును వ్యాపింపజేసినవి.

మన దేశమున సాధారణముగా అమ్మునది గదిపై స్వామ్యము కాదు, సభ్యత్వము. దానికి ఇన్ని సంవత్సరములని గడువుండును. 25 సంవత్సరముల గడువు వాడుకలో నున్నది. ఏటికి ఇన్ని దినములని యుండును. ఏడు దినములు వాడుకలో నున్నవి. రద్దీ కాలము, సామాన్య కాలము అని ఋతువులను తరగతులుగా విభజింతురు. తరగతిని బట్టియు గది పరిమాణమును బట్టియు ధర మారును. ఈ ధరను ఒక్కసారిగానో వాయిదాలమీదనో చెల్లింపవలెను. ఇదిగాక ప్రతి సంవత్సరము నిర్వహణ రుసుము వేరుగా నుండును. మనము పోయినను పోకున్నను ఆ రుసుమును చెల్లింపక తప్పదు. గదిని మాత్రము నెలల ముందుగా కోరుకొనవలెను. అందరును మే నెలనే కోరుదురు గనుక, ఆలసించినవానికి కోరిన ఊరు దొరకకపోవచ్చును.

కాలమును పంచుకొనుట మనకు క్రొత్త విషయమని ఎవరైనను అనుకొనినచో పొరపాటు. దానికి మన భాషలో ఎప్పటినుండియో పేరున్నది, అది వంతు. చెరువు క్రింద ఆయకట్టు రైతులు నీటిని వంతులవారిగా పెట్టుకొందురు. రాత్రి రెండవ జామున వంతు వచ్చినచో, లాంతరు పట్టుకొని ఆ జామునకే మడవకడ నిలిచెదరు. కొన్ని దేవాలయములలో అర్చక కుటుంబములవారు నెలలను వంతులుగా పంచుకొందురు. ఉమ్మడి బావికి, ఉమ్మడి కళ్ళమునకు వంతులుండెను. తల్లిదండ్రులను కుమారులు వంతులవారిగా పోషించుట నేటికిని చూచుచున్నాము. అది మెచ్చదగినదో కాదో వేరు మాట.

ఈ వంతులన్నియు ఏల నిలిచినవి? ఆ అవసరములు నియమముగా మరల మరల వచ్చునట్టివి గనుక నిలిచినవి. పైరునకు ఈ యేడు నీరు కావలెను. వచ్చు ఏడును కావలెను. ఎండాకాలపు పంటకు ఇన్ని దినములకొక తడి యని లెక్క యున్నది. దేవునికి నిత్య నైవేద్యము ఆగదు. అవసరము తప్పక వచ్చునని తెలిసినచోట వంతు ధర్మబద్ధము, లాభదాయకము కూడను. పైరు లేనివాడు నీటి వంతును కొనినచో అది వానికి బరువే యగును. ఆ జామున అతడు నిద్ర మానుకొని పోవలెను, లేదా కొనిన నీరు కాలువపాలు కావలెను. టైమ్‌షేర్ మంచిదా చెడ్డదా అని అడుగుటలో అర్థము లేదు. నా విశ్రాంతి పైరువంటిదా, కాదా? అడుగవలసిన ప్రశ్న ఇదియే.

కొందరి విశ్రాంతి నిజముగానే పైరువంటిది. ఆంగ్లేయుల కాలమున మద్రాసు ప్రభుత్వము వేసవి రాగానే ఉదకమండలమునకు తరలిపోవుచుండెను. దస్త్రముల పెట్టెలతో గుమాస్తాలును వెంట పోవుచుండిరి. అట్టివారికి కొండమీది యిల్లు ఏటేట తప్పని యవసరము. నేటి కాలమున బడి ఉపాధ్యాయులకు, చదువుకొను పిల్లలు గలవారికి వేసవి సెలవులు నిర్ణీతమైనవి. ఇతరులలో అనేకుల విశ్రాంతి వానవంటిది. వచ్చినప్పుడు వచ్చును, రానిచో ఎదురుచూడవలెను. వానకు వంతు లేదు.

మరి మన విశ్రాంతి ఏ జాతిదో తెలిసికొనుట యెట్లు? ఇచ్చటనే అమ్మువాని ప్రశ్నకు, మనము వేసికొనవలసిన ప్రశ్నకు భేదమున్నది. 2022లో నన్నును నా భార్యను అట్టి సభ యొకదానికి పిలిచిరి. మా కుమారుని వయసుగల యువకుడు మర్యాదగా కూర్చుండబెట్టి, ఇకమీద ఏటికెన్ని దినములు విహారమునకు పోవలెనని మీ కోరిక యని యడిగెను. ఏ చోట్లు చూడవలెనని యున్నదనియు అడిగెను. కోరికకు కొదువ యేమి? కాశ్మీరము మొదలుకొని కన్యాకుమారి వరకు చెప్పవచ్చును. ఇంతవరకు ఎన్నిసార్లు పోయితిరి అని మాత్రము అతడు అడుగలేదు. భవిష్యత్కాలమున అడిగిన ప్రశ్నకు భూతకాలమున సమాధానము వెదకవలెనని నాకు అప్పుడు తోచినది. ఆ మాట నా భార్యయే ముందు పలికినది. ఇంటి పద్దుల పుస్తకములు చూచి చెప్పుదుమని ఆమె లేచి నిలువగా, ఈ ధర నేటి సాయంకాలము వరకే యని ఆ యువకుడు తెలిపెను. మేము నమస్కరించి వచ్చివేసితిమి.

పుస్తకములు తీసి 2010 మొదలు 2021 వరకు గల 12 సంవత్సరముల లెక్క వ్రాసితిని. ఇల్లు విడిచి బయట రాత్రి గడపిన ప్రయాణములు మొత్తము 41. వానిలో వివాహములకు, గృహప్రవేశములకు పోయినవి 17. తిరుపతి, పళని, శ్రీరంగము మొదలగు క్షేత్రములకు 9. కుమార్తె పురుళ్ళకు, మనుమల నామకరణాదులకు 6. బంధువులు ఆసుపత్రిలో నుండగా తోడుండుటకు 4. కర్మాంతరములకు 3. కేవలము విహారమునకై పోయినవి 2. ఈ రెంటిలో ఒకటి మిల్లులోని మిత్రులతో పోయిన కన్యాకుమారి ప్రయాణము. రెండవది 2018లో నీలకురింజి పూచినదని విని కొడైకెనాలునకు పోయినది. గురువారమున అనుకొని శనివారమున బయలుదేరితిమి. రెంటిలో దేనియందును మూడు రాత్రులకు మించి యుండలేదు. ఏడు దినములు వరుసగా ఇల్లు విడిచి విహరించిన సందర్భము మా జీవితమున ఒక్కటియు లేదని ఆ పుస్తకములు చెప్పినవి. ఇది మంచిదని చెప్పుట లేదు. ఉన్న సంగతి ఇది.

నీలకురింజి మాట వచ్చినది గనుక ఒక్క సంగతి చెప్పుదును. ఆ పువ్వు పండ్రెండేండ్లకొకసారి కొండలను నీలముగా చేయును. 2006లో పూచినది, మరల 2018లో పూచినది. ఆగస్టు, సెప్టెంబరు నెలలు దాని కాలము. మే నెల వారమును 25 సంవత్సరములకు కొనియుంచినవానికి ఆ కొండపై గది యుండును, చలిగాలి యుండును, ఆ పువ్వు మాత్రము కనబడదు. విహారమున మనకు నిజముగా సంతోషము నిచ్చునవి ఎన్నో ఇట్లే మన వాయిదాలను లెక్కచేయక వచ్చునట్టివి.

ఇక అంకెల మాట. కేవలము ఉదాహరణకు, సభ్యత్వపు ధర 4,00,000 రూపాయలనియు, ఏటి రుసుము 18,000 రూపాయలనియు అనుకొందము. గదికి రాత్రికి ఎంత పడినది? చాలమంది ఏటి రుసుమును మాత్రమే ఏడుచేత భాగించి, చవకయని సంతోషింతురు. ముందు చెల్లించిన నాలుగు లక్షలను మరతురు. ఆ మొత్తమును నూటికి ఏడు వడ్డీకి బ్యాంకులో నుంచి, 25 సంవత్సరములలో అసలును వడ్డీయు తీరిపోవునట్లు సమానముగా తీసికొనినచో, ఏటికి సుమారు 34,300 రూపాయలు వచ్చును. దీనికి 18,000 కలిపిన 52,300. ఏడు రాత్రులకు పంచినచో రాత్రికి సుమారు 7,500 రూపాయలు. ఏడాది విడిచి ఏడాది పోవువానికి రాత్రికి 15,000 పడును. ఏటికి మూడు రాత్రులే యుండి మిగిలిన నాలుగింటిని వదలుకొనువానికి 17,400 దాటును. రుసుము ఎప్పటికిని 18,000గానే యుండునని కూడ తలపరాదు. ఏటికి నూటికి అయిదు వంతున పెరిగినచో ఇరువదియైదవ యేట అది 58,000 రూపాయలగును.

ఈ లెక్క ఒక్క పక్షమునకే మ్రొగ్గునది కాదు. నలుగురు పండుకొనుటకు చాలి, వంటకు వీలుగల గది మే నెలలో ఆ ఊర రాత్రికి 12,000 రూపాయలు పలుకునప్పుడు, ఏటేట తప్పక ఏడు రాత్రులును వాడుకొనువానికి 7,500 చవకయే. కావున అదే రిసార్టులో అదే గదికి, సభ్యుడు కానివాడు అదే వారమున ఎంత అద్దె యిచ్చునో కనుగొని ప్రక్కన వ్రాసికొనవలెను. ఎన్ని రాత్రులు వాడుదుమను అంకెను మాత్రము కోరికల నుండి కాక, వెనుకటి పద్దుల నుండి తీసికొనవలెను.

అంకెలకు లొంగని సంగతులు కొన్ని యున్నవి. నేను ఎరిగిన ఒక దంపతులు ఇరువురును ఉపాధ్యాయులుగా పనిచేసినవారు. పిల్లలు చదువుకొను కాలముననే సభ్యత్వము తీసికొనిరి. పిల్లలు పెద్దవారై, ఒకరు పూనాలోను ఒకరు చెన్నపట్టణములోను ఉద్యోగములలో నున్నారు. అయినను మే నెలలో ఆ వారము అందరును ఒక్కచోట చేరుదురు. వృద్ధురాలైన అత్తగారిని కూడ తీసికొనిపోయి, ఉదయము చారు అన్నము వారే వండుకొని, సాయంకాలము చెరువు చుట్టు తిరిగి వచ్చుదురు. ఆ వారము వారికి తిరునాళ్ళవంటిది. వెల చెల్లించి యుండనిచో ఎవరికి వారు పనులున్నవని మానుకొనెడివారమని ఆ తల్లియే నాతో చెప్పినది. కట్టుబాటు లేనిచోట కొందరికి విశ్రాంతియే యుండదు. ఇది ఒప్పుకొనవలసిన సత్యము.

నాతో పనిచేసిన మరియొక మిత్రుని సంగతి వేరు. గ్రాట్యుటీలో సగము పెట్టి సభ్యత్వము కొనెను. మొదటి రెండేండ్లు పోయెను. తరువాత భార్యకు మోకాళ్ళ నొప్పి వచ్చి మెట్లు ఎక్కలేక పోయినది. కుమారులిద్దరు అమెరికాలో నున్నారు. వారికి సెలవు దొరకునది డిసెంబరులో, ఇతని తరగతికి ఆ నెల చెల్లదు. సంవత్సరాంతము సమీపించినకొలది అతనికి దిగులు ప్రారంభమగును. దినములు మురిగిపోవునేమో యని, బావమరదుల పిల్లలను, ఎదురింటివారిని బ్రతిమాలి పంపుచుండును. అమ్మివేయుదమన్న సగము ధరకును కొనువాడు కనబడలేదు. విశ్రాంతికై కొనినది వానికి ఇంకొక ఉద్యోగమైనది. జీతము పుచ్చుకొని చేయు ఉద్యోగము నుండి విరమించి, జీతము చెల్లించి చేయు ఉద్యోగమున చేరితినని అతడే నవ్వుచు చెప్పును. ఆ నవ్వులో సంతోషము లేదు.

ఈ ఇద్దరికిని ఒకే పత్రము, ఒకే నిబంధనలు. ఆ పత్రము ఒకరికి వ్రతమైనది, ఒకరికి ఋణమైనది. ఈ రెంటికి గల భేదమును కొంచెము విచారింపవలెను. వ్రతము కూడ కట్టుబాటే. ఏకాదశినాడు ఆకలియున్నను లేకున్నను ఉపవసింతుమని మాట యిచ్చుకొందుము. కాని మన పెద్దలు వ్రతమునకు ఉద్యాపన పెట్టిరి. శక్తి తగ్గినప్పుడు, కోరిక తీరినప్పుడు యథావిధిగా ముగించి, పదిమందికి భోజనము పెట్టి, బరువు దింపుకొను మార్గము చూపిరి. ఉద్యాపన లేని వ్రతము శిక్ష యగును. కావున సభ్యత్వము కొనదలచినవాడు పత్రములోని సౌకర్యముల పుటకంటె ముందుగా, దీనికి ఉద్యాపన ఎట్లు, మధ్యలో మానుకొనినచో ఏమి తిరిగి వచ్చును, రుసుము చెల్లింపనిచో ఏమగును, నా తదనంతరము ఎవరికి సంక్రమించును, వారు వలదన్న హక్కున్నదా అను నిబంధనల పుటను చదువవలెను.

తదనంతరపు మాట ముఖ్యమైనది. అరువదేండ్లవాడు 25 సంవత్సరముల ఒడంబడికపై సంతకము చేసినప్పుడు, 85 ఏండ్ల వయసుగల ఒక వృద్ధుని పక్షమున సంతకము చేయుచున్నాడు. ఆ వృద్ధుడు ఎట్లుండునో, అతనికి కొండయెక్కు ఊపిరి యుండునో లేదో ఇతడు ఎరుగడు. తన భార్య పక్షమునను, పిల్లల పక్షమునను కూడ మాట యిచ్చుచున్నాడు. సత్యమునకు కట్టుబడినవాడని హరిశ్చంద్రుని కొనియాడుదుము, కొనియాడవలసినదే. అయినను మాట యిచ్చినవాడు ఆయన. సంతలో ముందుగా అమ్ముడుపోయినవారు చంద్రమతియు లోహితాస్యుడును. పోలిక పెద్దది కావచ్చును. ఇంటి పెద్ద యిచ్చిన మాటకు ఇల్లంతయు వెల చెల్లించునను సంగతి మాత్రము చిన్నది కాదు. అందుచేత ఇట్టి సంతకమునకు ముందు భార్యయు, ఎదిగిన పిల్లలును హృదయపూర్వకముగా సమ్మతింపవలెను. హోటలు గదిలో తక్కెడ ప్రక్కన నిలబెట్టి అడిగిన సమ్మతి సమ్మతి కాదు. ఇంటికి వచ్చి, అన్నము తిని, ఒక రాత్రి నిద్రించిన తరువాత చెప్పినది సమ్మతి.

ఈ రాత్రి నిద్ర యెంత విలువైనదో ఐరోపా దేశములవారు శాసనములోనే గుర్తించిరి. 1994 నాటి ఆదేశమున, టైమ్‌షేర్ కొనినవానికి మనసు మార్చుకొనుటకు పది దినముల గడువిచ్చిరి. 2008 నాటి ఆదేశమున దానిని 14 దినములకు పెంచి, ఆ గడువు ముగియువరకు బయానా పుచ్చుకొనరాదని కట్టడి చేసిరి. కొనువాడు మూఢుడని కాదు. ఉత్సాహము ఒక పూట, ఒడంబడిక పాతికేండ్లు గనుక, ఈ రెంటి నడుమ కొంత కాలముండుట న్యాయమని. మన దేశమున 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలై 20 నుండి అమలులోనికి వచ్చినది. కొనువానికి విపరీత నష్టము కలిగించు ఏకపక్షపు నిబంధనలుగల పత్రమును అన్యాయపు ఒప్పందముగా ఈ చట్టము గుర్తించి, దానిపై రాష్ట్ర కమిషను ఎదుట ఫిర్యాదు చేయు హక్కు నిచ్చినది. వినియోగదారుడు తాను నివసించు చోటనే ఫిర్యాదు చేయవచ్చును. అమ్మినవాని ఊరికి పోనక్కరలేదు. సలహాకు 1915 అను టెలిఫోను సంఖ్య యున్నది. అయినను చట్టము దెబ్బకు మందువంటిది. సాయంకాలము వరకే ఈ ధర యని చెప్పినవానికి, అట్లయిన రేపటి ధరకే ఆలోచింతును అని బదులు చెప్పగలుగుట దెబ్బ తగులకుండ కాచు కవచము.

ప్రయాణికుని విశ్రాంతి విషయమున మన పూర్వులకు మరియొక మార్గము కూడ తెలియును. అది సత్రము. 1689 మొదలు బాలుడైన మనుమని పక్షమున మధుర రాజ్యమును పాలించిన రాణి మంగమ్మ పేర నేటికిని మధుర రైలు స్టేషను ఎదుట సత్రమున్నది. తెలుగు నాయకుల యింటి కోడలు తమిళదేశపు బాటసారులకు కట్టించిన విశ్రాంతి స్థలములలో అది యొకటి. సత్రమును ఒకరు కట్టుదురు, అందరును వాడుకొందురు. వచ్చువాడు ఎప్పుడు వచ్చునో సత్రమడుగదు; రాలేదేమని కోపింపదు; అనేక సత్రములలో రెండు మూడు దినములకు మించి యుండరాదని మాత్రము నియమముండెను. సత్రములన్నియు నిర్దోషములు కావు. కులము పేరు చెప్పి తలుపు మూసినవియు ఉండెను. అయినను ఆ యేర్పాటులో ఒక మంచి తలంపున్నది. విశ్రాంతి ఒకని సొత్తు కాక, అలసినవాని అవసరమైనది. ఇప్పుడు సత్రము స్థానమున అద్దె గదులున్నవి. వెల యిచ్చి యుండి, తాళముచెవి తిరిగి యిచ్చి, ఇంటికి వచ్చి మరచిపోవచ్చును. సొంతము కానిదానిపై దిగులుండదు. అపరిగ్రహమును మన శాస్త్రములు యమములలో చేర్చినది సన్న్యాసులకు మాత్రమే కాదని, గృహస్థునకు కూడ అది కొంత సుఖమిచ్చుననియు నాకు తోచుచున్నది.

ఈ విచారణ వలన తేలిన సారమును మన సంఘ సభ్యుల సౌకర్యమునకై చెప్పుదును. మొదట, గడచిన పది పండ్రెండు సంవత్సరముల ప్రయాణములను కాగితముపై వ్రాయుడు. ఏటేట, ఇంచుమించు అదే నెలలో, వారము దినములు విహారమునకే పోవు అలవాటు కనబడినచో మీ విశ్రాంతి పైరువంటిది. వంతు మీకు తగును. అలవాటు లేక, ఇకమీద అలవరచుకొందుమను సంకల్పము మాత్రమే యున్నచో, రెండు మూడేండ్లు అద్దె గదులలో నుండి ఆ సంకల్పమును పరీక్షించుడు. అది నిలిచినచో అప్పుడు కొనవచ్చును. నిలువనిచో పోయినది కొన్ని రాత్రుల అద్దె మాత్రమే. రెండవది, రాత్రికి ఎంత పడునో ముందు చెల్లించిన సొమ్మును కూడ కలిపి లెక్కింపుడు. మూడవది, ఉద్యాపన నిబంధనను చదువుడు. నాలుగవది, వైద్యమునకును, భార్య జీవనమునకును ఏర్పరచిన సొమ్మును దీనికి త్రిప్పకుడు. ఈ నాలుగింటికి నిలిచిన తరువాత కొనువాడు సంతోషముగా కొనవచ్చును. వానిని తప్పు పట్టుటకు ఎవరికిని అధికారము లేదు.

ధాన్యమును దాచినట్లు విశ్రాంతిని దాచవచ్చునా యను ప్రశ్నకు నాకు దొరికిన సమాధానమిది. విశ్రాంతిని దాచలేము, విశ్రమించు స్థలమును మాత్రమే ముందుగా కొనగలము. ఆ స్థలమునకు ఆ దినమున చేరవలసినవి మన కాళ్ళు, మన ఊపిరి, మన తీరిక, మనతో కలిసి రాదలచిన మనవారు. వీనిని ఏ సంస్థయు అమ్మజాలదు. ఇవి యున్నవానికి ఊరి చెరువు గట్టున గడపిన ఒక సాయంకాలమును విహారమే. కావున మొదట వీనిని చూచుకొని, గది సంగతి పిమ్మట తలపెట్టుట మేలు.